తడి గుడ్డ

ఆరేసిన బట్టలు ముట్టుకున్నప్పుడల్లా బారిడీహ్‌లో మా పక్కింటి బాబాయ్ గుర్తొస్తాడు. కారు వెనక తగిలించుకుని వెళ్లి, ఆగినచోట గుడారంలా విప్పుకునే మడత బండి ఒకటి ఆయనకుండేది. పిన్ని పోయిన రెండేళ్లకు దాన్ని మాకిచ్చేశాడు.

అప్పగించే రోజు మా వాకిట్లో విప్పుతూ నేర్పాడు. "ముందు చక్రాలకి రాళ్లెట్టు, తర్వాతే బండి కాళ్లు దించు. తడి గుడ్డ మాత్రం మడతెట్టకు, కుళ్లిపోద్ది." అంటూనే చేతి వెనకవైపు కాన్వాసుకు ఆనించేవాడు, పిల్లల జ్వరం చూసినట్టు.

ఒక పక్కంతా నల్లటి బూజు మరకలు. "ఇదేటి బాబాయ్?" అన్నాను.

"డిమ్నా చెరువు కాడ వాన్లో మీ పిన్నికి ఆయాసమొచ్చింది. జల్దీ హాస్పిటల్‌కి పోవాలని తడిదే మడిచేసినాను. మళ్లీ విప్పనేదు. ఆ పక్కే తను పడుకునేది."

మే నెల ఎండ. గుడ్డ అప్పడంలా ఎండిపోయి ఉంది. ఆయన ఆ మరకల మీద చెయ్యి ఆనించి చాలాసేపు నిలబడ్డాడు.

"ఇంకా ఆరనేదు," అన్నాడు.

నేనూ చెయ్యి పెట్టి చూశాను. చురుక్కుమంది.

"అవును బాబాయ్, ఇంకా తడిగానే ఉంది," అన్నాను.

ఆ రోజు మేం దాన్ని మడవలేదు.