మూడు లిస్టులు, ఒక విత్తనాల పండుగ

ఎనిమిదో తరగతితో చదువుకు దండం పెట్టిన నాకు కంప్యూటర్‌తో స్నేహం కుదిరిందంటే అది సరస్వతీదేవి చలవ కాదు, కూలరు చలవ. భద్రాచలం ఎండల్లో కూలరున్న గది దొరికితే మనిషి ఏ విద్యయినా నేర్చుకుంటాడు. అలా టైపింగు నేర్చి, రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో ఆపరేటర్‌గా కుదిరాను.

వానలు పడితే అడవిలో వాగులు పొంగుతాయి. అవతలి గూడేలకు బండి పోదు. అందుకని బియ్యం, మలేరియా మాత్రలు వానలకు ముందే అక్కడికి చేర్చాలి. ఆ పని మాది. ఏ గూడేనికి ఎంత కావాలో తేల్చడానికి మూడు లిస్టులు తెచ్చుకున్నాం. రేషను డీలర్లది ఒకటి, ఆరోగ్యం వాళ్లది ఒకటి, బడి పంతుళ్లది ఒకటి. ఎవరి లిస్టు వారికి ముద్దు. మూడింటినీ కలిపి ఒక్కటి చేయడానికి హైదరాబాద్ నుంచి ఒక ప్రోగ్రామర్ సార్ వచ్చాడు.

మంచి మనిషి. ఉప్మాలో పచ్చిమిరపకాయలు ఏరినంత ఓపికగా మాట్లాడేవాడు. మాటకు ముందు మెటాడేటా, మాటకు తర్వాత మెటాడేటా.

"గదేంది సార్?" అని అడిగాను.

"డేటా గురించిన డేటా. ఈ అంకె ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, దేన్ని లెక్కపెట్టారు, అన్న వివరం."

"అంటే మనిషి లేనప్పుడు ఆయన గురించి మాట్లాడుకునుడు. మా వాడకట్టుల గా పని రోజూ సాగుతది సార్."

సార్ నవ్వాడు. అయితే ఆ వివరాలన్నీ అడుగుతూ కూర్చునే తీరిక ఇప్పుడు లేదన్నాడు. పేర్లు పట్టి కలిపేద్దాం, పేరు ఒకటైతే ఊరూ ఒకటే అన్నాడు. నాకూ సబబుగానే తోచింది. మీట నొక్కాం. లిస్టు చిక్కి సన్నబడి ముచ్చటగా బయటికొచ్చింది. ఆ సంతోషంలో సార్ నాకు సమోసా కూడా తినిపించాడు.

మర్నాడు నర్సక్క వచ్చింది. కోయ గూడెంలో పుట్టి, ఆ గూడేనికే సూదులూ మాత్రలూ ఇచ్చే మనిషి. బస్సు దిగి నేరుగా మా గదికొచ్చి, "మా గుంపుకు ఎన్ని మాత్రలు రాసిన్రు?" అంది.

గుంపంటే వాళ్ల మాటలో గూడెమే. వెతికాను. పొరుగు గూడెం ఉంది. వాళ్లది లేదు.

సంగతేమిటంటే, అక్కడ చాలా గూడేలను వాటి పెద్దమనిషి పేరుతో పిలుస్తారు. ఈ రెండు గూడేల పెద్దలకూ ఒకటే పేరు. మిషను రెండూ ఒకటే అనుకుని ఒకదాన్ని ఎత్తేసింది. ఇంకోచోట పెద్దాయన పోయి పేరు మారితే, పాత పేరుతో ఒకటి, కొత్త పేరుతో ఒకటి, ఒకే గూడెం రెండై కూర్చుంది.

నర్సక్క ముఖం వాడిపోయింది. పోయిన వానల్లో జ్వరంతో కాలిపోతున్న ఒక బాలింతను మంచం మీద మోయించుకొచ్చి, వాగు తగ్గేదాకా ఒడ్డున ఎదురుచూసిందామె. బాలింత బతికింది. ఈసారి ఆ ఎదురుచూపు ఉండకూడదన్నదే ఆమె పట్టుదల. ట్రాక్టర్లు బయల్దేరే రోజు దగ్గరపడింది. తర్వాత వాగు ఎవరి మాటా వినదు.

"మీ గుంపుకు పక్క గుంపుతోని లగ్గమైందక్కా, గందుకే ఒక్కటైనయి," అన్నాను, ఆమెను కాస్త నవ్విద్దామని.

"లగ్గమంటే ముందుగాల గట్టు అడుగుతరు. మీ మిషన్ అడిగిందా?"

"గట్టు అంటే?" అన్నాడు సార్.

"మా వంశాలు సార్. ఒక్క గట్టోళ్లు అన్నదమ్ములు, వాళ్లల్ల వాళ్లకు లగ్గం కుదరదు. పేరుదేముంది, ఎవరైనా పెట్టుకుంటరు. పేరు చూసి పిల్లనిస్తరా ఎవరన్న?"

సార్ టీ గ్లాసు కింద పెట్టాడు. "నేను అడగడానికి తీరిక లేదన్నది సరిగ్గా దీన్నేనమ్మా," అన్నాడు. ఆ రోజే హైదరాబాద్ టికెట్టు వెనక్కి ఇచ్చేశాడు.

డీలర్లూ పంతుళ్లూ ఆరోగ్యం వాళ్లూ అందరూ దొరికే చోటు సంత ఒక్కటే. ఎండుచేపల వరుస పక్కన చాప పరిచి కూర్చున్నాం. అసలు గూడెం అని దేన్ని రాశారని సార్ అడిగాడు.

"నా దుకాణంల బియ్యం తీసుకునేటోళ్లంతా ఒక్క ఊరే," అన్నాడు డీలరు.

"మా బడికి పిల్లలొచ్చే ఇళ్లన్నీ ఒక్కటే," అన్నాడు పంతులు.

"గట్లయితే రాములవారి ప్రసాదం తిన్నోళ్లంతా ఒక్క ఊరే అన్నా, పంచాయితీ ఒడిసింది," అన్నాను.

అప్పుడు నర్సక్క అంది: "విత్తులు చల్లే ముందు విత్తనాల పండుగ ఎవరెవరు కలిసి చేసుకుంటరో గాళ్లు ఒక గుంపు."

డీలరు ఆలోచించి, "అవ్, గది ఖరారే," అన్నాడు. ఆ పండుగలకు అందరూ పోయినవాళ్లే, ఎవరు ఎవరితో కలుస్తారో అందరికీ తెలుసు. సార్ కాగితం మీద ఆ మాటే మొదట రాశాడు. దాని కింద గూడేనికొక నంబరు, పాతవీ కొత్తవీ అన్ని పేర్లు, ఏ వాగు అవతల, ఏ లిస్టు దేన్ని లెక్కపెట్టింది, కార్డులనా, పిల్లలనా, మనుషులనా. ముగ్గురికీ తలా ఒక ప్రతి. ఇకమీద ఎవరు కొత్త లిస్టు మొదలుపెట్టినా ఈ కాగితం చూసే మొదలుపెట్టాలని అక్కడే మాట అనుకున్నారు. మూడు లిస్టులకూ ఒకే జాతకం రాసి, ఈసారి పేర్లతో కాక నంబర్లతో కలిపాం.

మొదటి జల్లు పడిన రోజు నర్సక్క గూడేనికి ట్రాక్టరు పోయింది. బస్తాల మీద నేనూ ఎక్కాను. వాగులో నీళ్లు ఇరుసు తాకుతున్నాయి. డ్రైవరు దేవుణ్ణి తలుచుకున్నాడు, నేను డ్రైవర్ని తలుచుకున్నాను. ఒడ్డెక్కాం.

నర్సక్క మాత్రల డబ్బాలను ఒక్కొక్కటీ తడుముతూ తన ఇంట్లో అటక మీద సర్దింది. గూడెం పెద్దాయన నా పక్కకొచ్చి కూర్చున్నాడు.

"నేను పోతే ఊరు పేరు మారుతది బిడ్డా. మళ్ల మీ మిషన్ల మా గుంపు మాయమైతదా?"

"కాదు తాతా. నీ పేరు పక్కన కొత్త పేరు రాస్తం, గంతే. నువ్వైతే జల్దీ చెయ్యకు."

పెద్దాయన ట్రాక్టరు వైపు చూశాడు.

"గట్లయితే ఇంకో బస్తా దించు. ఉంట."