మా ముత్తాతగారికి ఉద్యోగం అక్కర్లేదు

అల్లవరం చుట్టుపక్కల ఏ తగాదా వచ్చినా రెండు పక్షాలవాళ్ళూ మా ముత్తాతగారి సావిట్లోనే కూర్చునేవారు. మా తాతగారు పనిమీద ఒకరింటికి వెళ్ళి ఎరగరు. పని ఉన్నవాళ్ళే మా గుమ్మానికి వచ్చేవారు. మా నాన్నగారి హయాంలో ఆ రాకపోకలు తగ్గాయి, నా హయాంలో ఆగిపోయాయి. నడుం మాత్రం నిటారుగా మిగిలింది. ఉద్యోగం పర్మనెంట్ చేశారని నిన్న మా అమ్మాయి హైదరాబాదు నుంచి ఫోన్ చేశాక, ఆ నడుం మొదటిసారి కుర్చీకి ఆనింది. అమలాపురంలో తన కాలేజీలో నేను అధికారిలా కూర్చున్న పూట గుర్తొచ్చింది.

అది తన డిగ్రీ చివరి ఏడాది. అప్పటికే రెండు కంపెనీలు ఇంటర్వ్యూ చేసి వద్దన్నాయి. ఇంకొక్కటే మిగిలింది. అదీ పోతే ఇంట్లో కూర్చోవాలి. ఇంట్లోనా, కౌలుకిచ్చిన కొద్దిపాటి చేను తప్ప ఆధారం లేదు. పిల్లలకు ఉద్యోగ శిక్షణ ఇస్తున్న మేడమ్ గారు ఒకరోజు తల్లిదండ్రుల్ని కూడా రమ్మన్నారు. నన్ను చూడగానే, "మీరు కంపెనీ ఆఫీసరులా బల్ల అవతల కూర్చుని ప్రశ్నలడగండి బాబుగారూ. మీ ముందు మాట్లాడగలిగితే మా పిల్లలు ఇంకెక్కడైనా మాట్లాడేస్తారండి," అన్నారు. ఆ మర్యాద నాకు నచ్చింది. కూర్చున్నాను.

ఒక కుర్రాడు చెయ్యి కలపబోయి, నా మొహం చూసి దణ్ణం పెట్టేశాడు. తర్వాత మా అమ్మాయి వచ్చింది. అందరినీ అడిగినట్టే, "మీ గురించి చెప్పండి," అన్నాను. పుట్టాక దాన్ని 'మీరు' అనడం అదే మొదలు. తను గొంతు సవరించుకుని, "మా ముత్తాతగారు..." అని ఎత్తుకుని, తరం తరం దిగుతూ నా దగ్గరికొచ్చి ఆగింది. మా ఇంట్లో ఏ తరంవాళ్ళకైనా ఆయన ముత్తాతగారే, ఎవరినడిగినా అలాగే చెబుతాం. నాకు ముచ్చటేసింది.

మేడమ్ గారు నవ్వు ఆపుకుంటూ, "బాగుందమ్మా. కానీ మీ ముత్తాతగారికి ఉద్యోగం అక్కర్లేదు కదా! కావలసింది నీకు. నువ్వేం చేసేవో చెప్పు," అన్నారు.

గదంతా నవ్వింది. లేచి వచ్చేద్దామనుకున్నాను. మా అమ్మాయి బిక్కమొహం చూశాక, ఆ రెండు కంపెనీల్లోనూ ఇదే చెప్పి ఉంటుందని తట్టింది. లేవలేదు. "పెద్దల సంగతి విన్నామండి. మీ సంగతి చెప్పండి," అన్నాను.

"రాజోల్లో మా పిన్నిగారి అమ్మాయి పెళ్ళికి వంటవాళ్ళు రాలేదండి. పిల్లలందర్నీ పోగేసి తలో పనీ అప్పజెప్పేను. పక్క వీధి మావయ్యగారిని బతిమాలి గిన్నెలు తెచ్చేనండి. వేళకి విస్తళ్ళు వేసేసేం."

"మరి నాన్నగారు ఏమన్నారు?" అని అడిగాను.

"ఆయనకి తెలీదండి. పందిట్లో ముందు వరుసలో కూర్చున్నారు. పప్పులో ఉప్పు తగ్గిందన్నారు."

"ఆయ్, తగ్గిందండి," అన్నాను. ఈసారి గదితో పాటు నేనూ నవ్వాను.

మూడో కంపెనీవాళ్ళకు ఆ పెళ్ళి వంట సంగతే చెప్పిందట. తీసుకున్నారు. మా ముత్తాతగారి కాలం ఆయనతోనే వెళ్ళిపోయింది. దాన్ని సాగనంపడానికి మాకు ఇన్నేళ్ళు పట్టింది. మా అమ్మాయి హైదరాబాదు హాస్టల్లో చేరేటప్పుడు, ఆ ఖర్చులకి ఆయన ఎక్కి తిరిగిన పల్లకీ రావులపాలెంలో ఒక హోటలాయనకు అమ్మేశాం.