రోజీ ఫారంలో నేను కొట్టేసిన మాట

2023 నాటికి నేను బంగారు గనుల ఊరు కె.జి.ఎఫ్.లో క్లినిక్ పెట్టి పదమూడేళ్లయింది. అంతకుముందు ముళబాగిలు వైపు పల్లెల్లో పాడి ఆవులకు వైద్యం చేశాను. ఆవుల ఇన్సూరెన్సు నాకు కొట్టిన పిండి. చెవికి ట్యాగు వేసి, సర్టిఫికెట్ మీద సంతకం పెడితే నా పని అయిపోయేది. కుక్కలకూ ఇన్సూరెన్సు ఉందని మొదటిసారి విన్నప్పుడు మాత్రం నవ్వుకున్నాను. ఆ తర్వాత ఫారాలు నా టేబుల్ మీదికే రావడం మొదలైంది.

అలాంటి ఫారం ఒకటి పట్టుకుని ఒకరోజు యల్లప్ప వచ్చాడు. గని మూసేదాకా అండర్‌గ్రౌండ్‌లో పనిచేసిన మనిషి. వెంట ఆరేళ్ల ఆడకుక్క రోజీ. వీధిలో దొరికిన గోధుమరంగు కుక్కపిల్లను తెచ్చి పెంచుకున్నాడు. భార్య పోయాక ఇంట్లో ఆయన మాట వినేది అదొక్కటే. కోలారులో ఉండే కూతురు ఇన్సూరెన్సు చేయించమని ఫారం ఇచ్చిందట.

"ఇది కట్టేది మంచిదా, వద్దా? నాకేం తెలీలేదమ్మా. నువ్వు చెప్పు."

"ముందు దీన్ని చూడనీ అప్పా" అన్నాను.

జ్వరం, గుండె, పళ్లు, కడుపు అన్నీ చూశాను. "దిట్టంగా ఉండాది" అని, ఫారంలో 'ఆరోగ్యంగా ఉంది, గడ్డలేవీ లేవు' అని రాసేశాను. సంతకం పెట్టబోతుంటే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"నిలుపమ్మా. నువ్వే కనిపెడతావని చూస్తా ఉన్నాను. ఈడ చెయ్యి పెట్టు."

రోజీ వెనక కాళ్ల దగ్గర, చివరి చన్ను పక్కన నా వేలు పెట్టించాడు. నాకేమీ తగల్లేదు. ఆయనే చర్మాన్ని పక్కకు లాగి మళ్లీ చూపించాడు. అప్పుడు తగిలింది, కందిగింజంత గడ్డ. సిగ్గుతో నా ముఖం వేడెక్కింది.

"ఎట్ల కనుక్కున్నావప్పా?"

"దినామూ తడిమి చూస్తాను కదా. గనిలో షిఫ్టు మొదలయ్యే ముందు పైరాయిని ఇనప కడ్డీతో తట్టేవాళ్లం. గట్టిగా మోగితే దాని కింద పని. డొల్లగా మోగితే, ఆ రాయిని దించేదాకా ఎవురూ పోకూడదు. నిన్న బాగుండె కదా అని తట్టకుండా పోయినోళ్లు కొందరు తిరిగి రాలేదమ్మా. చేతికి ఆ అలవాటు ఇంగా పోలేదు. ఈ గడ్డ బేస్తవారం లేదు, శుక్రవారం ఉండింది."

గడ్డ ఏ రోజు పుట్టిందో చెప్పిన యజమానిని నా సర్వీసులో అంతవరకు చూడలేదు. 'ఎప్పట్నుంచో ఉంది డాక్టర్' అనే మాటే నాకు తెలుసు. ఆ ముసలి చేతుల మీద నాకు పుట్టిన గౌరవం ఇంతా అంతా కాదు.

అయినా నా అతితెలివి ఊరుకోలేదు. ఇన్సూరెన్సులో వెయిటింగ్ పీరియడ్ అని ఒకటుంటుంది. పాలసీ తీసుకున్న మొదటి నెలలో బయటపడిన జబ్బుకు కంపెనీ ఖర్చు ఇవ్వదు. ముందునుంచీ ఉన్న జబ్బుకైతే ఎప్పటికీ ఇవ్వదు. ఇది ఆయనకు చెప్పి, గొంతు తగ్గించి అన్నాను.

"ఈ గడ్డ నేను చూడలేదనుకో అప్పా. ఈ దినం పాలసీ తీసుకో. నెల దాటినాక రా, అప్పుడు కనిపించినట్ల రాస్తాను. ఆపరేషన్ ఖర్చు వాళ్లే ఇస్తారు."

తప్పుడు పని అని నాకు తెలుసు. పెన్షన్ మనిషికి మేలు చేస్తున్నాననుకున్నాను.

యల్లప్ప కోప్పడలేదు. "నెల దినాలా? డొల్లగా మోగే రాయి కింద దీన్ని నెల దినాలు కూర్చోపెట్టమంటావా? ఫారం ఆడ పెట్టమ్మా. ముందు దీన్ని తియ్యి" అన్నాడు.

ఫారంలో రాసిన మాట కొట్టేశాను. మూడో రోజు ఆపరేషన్ చేసి, తీసిన గడ్డను బయాప్సీకి, అంటే మైక్రోస్కోపు కింద పెట్టి చూసే పరీక్షకు, బెంగళూరు ల్యాబుకు పంపాను. రిపోర్టు వచ్చింది. క్యాన్సరే, అదీ తొందరగా పాకే రకం. కానీ తీసిన ముక్క అంచుల దాకా అది రాలేదు, అంటే మొత్తం బయటికి వచ్చేసినట్టే.

యల్లప్పను పిలిపించి ఉన్నదున్నట్టు చెప్పాను. "నా మాట విని నెల ఆగింటే రోజీ దక్కేది కష్టమప్పా" అన్నాను.

ఆయన రోజీ మెడ నిమిరాడు. "నువ్వు నా దుడ్డు గురించి యోచన చేసినావు. అదీ నా మంచికే కదమ్మా, పోనీలే. ఇంగ ఆ ఫారం తియ్యి. ఉండేది ఉన్నట్ల రాయి. దీనికి ఇయ్యకపోతే పాయె. రేపు కాలు విరిగితే, పాము కరిస్తే ఇస్తారు కదా?"

ఆపరేషన్ సంగతి, క్యాన్సర్ సంగతి అన్నీ రాశాను. ఆ జబ్బును మినహాయించి కంపెనీ పాలసీ ఇచ్చింది. ఆయన తీసుకున్నాడు.

కుక్కకు ఇన్సూరెన్సు చేయించాలా అని ఇప్పుడు చాలామంది అడుగుతారు. చేయించండి, మంచిదే అంటాను. కానీ ముందు వాళ్ల చేతులతోనే కుక్క ఒళ్లంతా నా ఎదుట తడిమిస్తాను. కొందరు విసుక్కుంటారు, నేను పట్టించుకోను. ఇన్నేళ్లలో నా చేతుల్లో బతికిన కుక్కల గురించి గొప్పగా చెప్పుకున్న సందర్భాలు ఉన్నాయి. రోజీని మాత్రం నేను బతికించానని ఎక్కడా చెప్పుకోను.