రొట్టెల బండి చక్రాల మీద కారు

ఫిట్టరుకి పక్షవాతం వచ్చినప్పటి నుంచి వెనక షెడ్డులోని కారు ఉన్నచోటే ఉండిపోయింది. మంచం మీద ఆయనా అంతే.

ఆయన జీవితమంతా ప్రింటింగు ప్రెస్సులో మెషిన్లతోనే గడిచింది. రిటైరయ్యాక కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగి, చివరికి ఒక కారు తెప్పించుకున్నాడు. అది తయారైన కారు కాదు. ఫ్రేము, తలుపులు, స్టీరింగు అన్నీ విడివిడిగా పెట్టెల్లో వస్తాయి, కొన్నవాళ్లే బిగించుకోవాలి. పెట్టెలు దిగిన రోజున భార్య గుమ్మంలో నిలబడి, నడుం మీద చేతులు పెట్టుకుంది.

"కారు వస్తుందన్నారు. పాత సామాన్ల కొట్టు ఇంటికొచ్చిందేంటండీ?"

"నువ్వెక్కి కూర్చునే నాటికి కారవుతుందిలేవే."

ఫ్రేము మీద బాడీ కూర్చుంది, స్టీరింగు బిగిసింది. ఇంజనూ చక్రాలూ ఇంకా రావాలి. అందాకా ఆ కారు నాలుగు చెక్కదిమ్మల మీద కూర్చుని ఉండగా, ఒక ఉదయం ఆయన చేతిలోంచి స్పానరు జారిపోయింది. వంగి తీసుకోబోతే చెయ్యి మాట వినలేదు. ఆసుపత్రి నుంచి ప్రాణంతోనే తిరిగొచ్చాడు గానీ, కుడివైపు సగం శరీరాన్ని అక్కడే దిగవిడిచి వచ్చినట్టు వచ్చాడు. మాట కూడా ముద్దముద్దగా, నోట్లోనే చిక్కుపడేది. భార్య ఒక్కదానికే, అదీ సగం, అర్థమయ్యేది.

పంపేటప్పుడు ఒక చక్రాల కుర్చీ ఇచ్చి డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది. "రోజూ కూర్చోబెట్టి బయటికి తిప్పండమ్మా. ఇలా పడుకునే ఉంటే ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరుతుంది. ఆపైన మా చేతుల్లో కూడా ఉండదు."

ఆయన కూర్చోనన్నాడు. మొదటిసారి ఎత్తబోయినప్పుడు ఎడమచేత్తో మంచంకోడు పట్టుకుని వదల్లేదు. "నడిచే వస్తా. లేదా రాను." ఆ రెండు ముక్కలూ మాత్రం స్పష్టంగానే వచ్చాయి. ఆవిడ కుర్చీ మీద పాత దుప్పటి కప్పింది. పొద్దునా సాయంత్రం దణ్ణం పెట్టుకుంటూ దేవుణ్ణి పెద్ద కోరికలేమీ అడగలేదు. ఈ మనిషి గడప దాటితే చాలు, అంతే. వానాకాలం దగ్గరపడుతున్న కొద్దీ ఆయన దగ్గులో తడి వినిపించసాగింది. ఆవిడ రాత్రిళ్లు దాన్నే వింటూ పడుకునేది.

మనుషులు మంచివాళ్లు కాబట్టి ఆ రోజులు గడిచాయి. పక్కవీధి రొట్టెలాయన వేడి రొట్టె ఒకటి కిటికీ గట్టు మీద పెట్టి, పిలవకుండానే వెళ్లిపోయేవాడు. స్కూలు వ్యాను డ్రైవరు వాళ్ల సందులో ఇంజను వేసేవాడు కాదు. తెల్లవారే వ్యానుని మలుపు దాకా తోసుకుంటూ వెళ్లి, అక్కడ స్టార్టు చేసుకునేవాడు. ఎందుకలా అని ఆవిడ అడిగితే, "పొట్ట తగ్గుతుందని, అక్కా" అన్నాడు. ఆ మనిషికి అసలు పొట్టే లేదు.

అంతలో ఇంటి ఓనరమ్మ వచ్చి కూర్చుని, చీర కొంగుతో ముఖం తుడుచుకుంది. "షెడ్డు రేకులు ఎప్పుడైనా కూలేలా ఉన్నాయమ్మా. వానలకి ముందే విప్పించేస్తాను. కారు మా పోర్టికోలో పెట్టుకోండి, నాకేం అడ్డం లేదు. అక్కడిదాకా ఎలా తెస్తారో మీరే చూసుకోండి."

చక్రాల్లేని కారు ఎలా కదులుతుంది? సాయంత్రం రొట్టెలాయనతో ఈ మాట అంటే ఆయన ముఖం వెలిగిపోయింది.

"నా పాత రొట్టెల బండి ఉంది కదా వదినా! నాలుగు చక్రాలూ భేషుగ్గా ఉన్నాయి. రెండు మందపాటి చెక్కలకి బిగించి, ముందొకటి వెనకొకటి ఫ్రేము కింద దూర్చేద్దాం. అసలు చక్రాలొచ్చేదాకా ఇవే." తర్వాత గదిలోకి తొంగిచూసి గొంతు పెంచాడు. "అన్నయ్యా, మీ కారే అరువు చక్రాలకి ఒప్పుకుంటోంది. మీకేం బెట్టు?"

నవ్విద్దామనే అన్నాడు పాపం. ఫిట్టరు గోడవైపు తల తిప్పుకున్నాడు. ఆ రాత్రి అన్నం కూడా ముట్టలేదు. మర్నాడు రొట్టెలాయన గట్టు మీద రెండు రొట్టెలు పెట్టి వెళ్లాడు.

ఆదివారం నాడు రొట్టెలాయన, డ్రైవరు జాకీ తెచ్చి కారుని లేపారు. చెక్కలు దూర్చి, దిమ్మలు లాగేశారు. రొట్టెల బండి చక్రాలు నాలుగూ ఎటు కావాలంటే అటు మెడ తిప్పేవి. ఇరుకైన బేకరీలో ట్రేల మధ్య తిప్పుకోవడానికి అలా చేయించుకున్నాడాయన. దాని గురించి చెప్పుకోవడం ఆయనకి మహా గర్వం. "వేలితో తోస్తే చాలు, చెప్పిన మాట వింటుంది!"

షెడ్డు దాటేవరకూ విన్నది కూడా. కానీ ఆ పెరట్లో గచ్చు, వాననీళ్లు పోవడానికని, పడకగది కిటికీ కింది కాలవ వైపు వాలుగా ఉంటుంది. కారు అక్కడికి రాగానే నాలుగు చక్రాలూ ఒక్కసారిగా మెడలు తిప్పాయి. ముందుకి పోవాల్సిన బండి ఎండ్రకాయలా పక్కకి నడిచింది.

"పట్టుకో! పట్టుకో!"

"ఎక్కడని పట్టుకోను సామీ, దీనికి హ్యాండిలుందా?"

రొట్టెలాయన గచ్చు మీద చతికిలబడ్డాడు. కారు నింపాదిగా వెళ్లి, చుట్టూ తిరిగి, లైట్లు లేని రెండు కంతల ముఖాన్ని కిటికీ ఊచలకి ఆనించి ఆగింది.

లోపల మంచం కిర్రుమంది. ఆయన ఎడమ మోచేతి మీద లేచి దాన్ని చూస్తున్నాడు. తను ఒక్కొక్క బోల్టూ బిగించిన వస్తువుని ఇన్ని నెలల తర్వాత చూస్తున్నాడు. అరిచాడు. ఏమన్నాడో లోపలికి పరిగెత్తుకొచ్చిన ఆవిడకి కూడా తెలియలేదు. మళ్లీ అరిచాడు. ఆవిడ తనకి తోచింది కిటికీలోంచి బయటివాళ్లకి చెప్పింది. వాళ్లు వెనక చక్రాల కింద రాళ్లు పెట్టారు. కారు అసలే కదలకుండా పోయింది. ఆయన మంచం మీద దభీదభీ గుద్దాడు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. చెప్పాల్సిందంతా తలలో ఉండి నోటిదాకా రానివాడి బాధ అది.

"కుర్చీ!" అన్నాడు.

ఆవిడ ఇంకేమీ అడగలేదు. అడిగితే మనసు మార్చుకుంటాడేమోనని భయం. దుప్పటి లాగేసి, డ్రైవరుని పిలిచి, ఇద్దరూ కలిసి ఎత్తి కూర్చోబెట్టారు. గడప దగ్గర కుర్చీ దడేల్మంది. ఎండ మీద పడగానే ఆయన కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

కారు దగ్గరికి తీసుకెళ్లాక మాటల జోలికి పోలేదు. ఎడమచేత్తో తన చచ్చుబడిన కుడిచేతిని ఎత్తి, నలుగురి ముందూ ఒళ్లో పెట్టుకున్నాడు. దాని మణికట్టు అటూ ఇటూ వేలాడింది. వెనక చక్రాల వైపు చూపించాడు. తర్వాత ఆ మణికట్టుని ఎడమచేత్తో నిటారుగా బిగించి పట్టుకుని, మోచేతి దాకా కర్రలా ముందుకి నెట్టాడు.

అంతవరకూ ఎవరైనా ఆ చేతిని చూస్తే దుప్పటి కిందికి లాక్కునే మనిషి ఆయన.

"అర్థమైంది!" అన్నాడు రొట్టెలాయన. "వెనకవాటి మెడలు కదలకుండా కట్టేయాలి. ముందువి మాత్రం వదిలేయాలి. అంతేగా అన్నయ్యా?"

అంతే. వెనక చక్రాల పక్కన ఇనపపట్టీలు చెక్కకి స్క్రూలతో బిగించారు. ఈసారి తోస్తే కారు తల వంచుకుని, గీత గీసినట్టు పోర్టికోలోకి వెళ్లి నిలిచింది. ఓనరమ్మ చప్పట్లు కొట్టింది.

ఆ కారు ఎన్నడూ రోడ్డెక్కలేదు. ఇంజనూ రాలేదు, అసలు చక్రాలూ రాలేదు. ఆయన తర్వాత మూడు వానాకాలాలు బతికాడు. ఆ మూడూ పోర్టికోలో దాని పక్కనే కూర్చుని చూశాడు. కాళ్ల మీద మాత్రం మళ్లీ నిలబడలేదు. ఆవిడ దేవుడితో ఆ మాట ఎన్నడూ ఎత్తలేదు. తను అడిగింది గడప దాటడమే, నడక కాదు.

ఆ ఆదివారం మాత్రం, అందరూ వెళ్లిపోయాక, ఆయన తను దేంట్లో కూర్చున్నాడో అప్పుడే గుర్తొచ్చినట్టు కిందికి చూసుకున్నాడు. కోపం వస్తుందేమోనని ఆవిడ కుర్చీ పిడులు పట్టుకుంది.

"లోపలికి వెళ్దామా అండీ?"

ఆయన తల అడ్డంగా ఊపి, కుర్చీ ముందు చక్రం వైపు వేలు చూపించాడు.

"నట్టు... వదులు" అన్నాడు. "ఎవడో... గాడిద... బిగించాడు."

ఆవిడ స్పానరు తెచ్చుకుని ఆయన కాళ్ల దగ్గర మోకాళ్ల మీద కూర్చుంది. కళ్లకి ఏమీ కనిపించక, చేత్తోనే తడిమి నట్టు పట్టుకుంది.

"అటు కాదు" అన్నాడాయన. "ఇటు."

"నీళ్లు తుడుచుకోనివ్వండి ముందు" అంది ఆవిడ.