డప్పు మార్కులు

హనుమాండ్లు అమీర్‌పేటలో ఓ కోచింగ్ సెంటర్‌లో అటెండరు. ఏడాదికి ఒక్కరోజు మాత్రం పంజాగుట్టలోని ఓ సంస్థలో నా పక్కన న్యాయనిర్ణేతగా కూర్చుంటాడు. జానపద కళాకారులను నెలజీతం మీద బృందంలోకి తీసుకునే సంస్థ అది. పాట పాడేవాళ్లకు మార్కులు నేను వేస్తాను, డప్పు వాయించేవాళ్లకు ఆయన. బెజవాడ నుంచి వచ్చి సంగీతం పాఠాలు చెప్పుకునే నాకు డప్పు గురించి తెలిసింది సున్నా.

ఆయన డప్పుల ఇంట్లో పుట్టినవాడు. వచ్చేవాళ్లలో సగం మంది చుట్టాలే. మొహం చూస్తే చెయ్యి మెత్తబడుతుందని, కుర్చీ గోడవైపు తిప్పుకుని వేదికకు వీపు పెట్టి వింటాడు. సంతకం పడ్డాక మార్కు దిద్దకూడదన్న నియమమూ ఆయన పట్టుబట్టి పెట్టించిందే. ఈయనగారి ధర్మరాజు వేషమేంటని నాకు ఒక్కోసారి చిరాకేసేది.

పోయిన ఏడాది అందరికన్నా ఆఖరున వచ్చినవాడు యూసుఫ్‌గూడ అయిలయ్య. అపార్ట్‌మెంట్లలో కార్లు కడుగుతాడు. యాభై తొమ్మిదేళ్లు. అరవై నిండితే తీసుకోరు కాబట్టి అదే చివరి అవకాశం. వాయించాడు. హనుమాండ్లు పెదవి విరిచి, పదికి నాలుగు వేసి సంతకం చేశాడు. తోలుకు బిగువు లేదని, తయారు కాకుండానే వచ్చాడని గొణిగాడు. ఆరు వస్తే ఉద్యోగం వచ్చేది.

టీ తాగుదామని ఇద్దరం కిందికి దిగాం. గేటు పక్కన తడిసిన బూడిద చూసి ఆయన ఆగిపోయాడు. డప్పును వాయించే ముందు నిప్పుసెగకు కాచాలట, లేకపోతే తోలు సడలి మోగదట. పొద్దున వచ్చినవాళ్లంతా అక్కడే కాగితాలు మండించి కాచుకున్నారు. మధ్యాహ్నం పొగ వస్తోందని సెక్యూరిటీ వాళ్లు బకెట్‌తో నీళ్లు కుమ్మరించారు. అయిలయ్య కాచని డప్పుతోనే ఏసీ హాల్లోకి వెళ్లాడు. ఆ నీళ్లు పోయడం నేను కళ్లారా చూశాను. చెత్త తగలబెడుతున్నారేమో అనుకున్నాను. ఇప్పటికీ తలుచుకుంటే నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

హనుమాండ్లు పైకి పరుగెత్తాడు. కాగితం ఇవ్వండి, దిద్దుతానని బతిమాలాడు. నువ్వు పెట్టించిన రూలేగా అన్నారు ఆఫీసువాళ్లు. తిరిగొచ్చి, గేటు దగ్గర డప్పు సంచిలో పెట్టుకుంటున్న అయిలయ్య ముందు నిలబడ్డాడు.

"ముందుగాల ఎందుకు చెప్పలే?"

"సప్పుడింటే నీకే ఎర్కైతది అనుకున్న అన్నా," అన్నాడు అయిలయ్య. "ఫికర్ జెయ్యకు. నువ్వు ఇన్నదే రాసినవ్."

తిట్టినా బాగుండేదని హనుమాండ్లు నాతో చాలాసార్లు అన్నాడు.

ఈ ఏడాదీ ఆయన్ను పిలిచారు. వచ్చిన పద్నాలుగు మందికీ పదికి పది వేసి సంతకం పెట్టాడు. దరువు తప్పినవాళ్లకూ అంతే. ఆఫీసువాళ్లు తల పట్టుకుని, చివరికి చీటీలు వేసి ముగ్గుర్ని తీసుకున్నారు. ఇకమీదట రావద్దని ఆయనకు మొహం మీదే చెప్పారు. మెట్లు దిగుతూ అడిగాను, ఎందుకిలా చేశారని.

"అండ్ల ఇద్దరు నిజంగ మంచిగ కొట్టిండ్రు మేడం," అన్నాడు. "చీటీలల్ల ఆ ఇద్దరి పేర్లు రాలే."