మేనత్త పనస, జంట కొబ్బర్లు

టెక్కలి నుంచి ఉద్దానానికి కోడలిగా వచ్చిన కొత్తలో నాకు ఎవరు దారి చెప్పినా ఒళ్లు మండేది. మా టెక్కలిలో అయితే ఫలానా వీధి, ఫలానా షాపు పక్కన అంటారు. ఇక్కడ "జంట కొబ్బర్ల దాకా ఎల్లి, మేనత్త పనస కాడ కుడేపు తిరుగు" అనేవారు. ఎటు చూసినా కొబ్బరిచెట్లే, వాటిలో జంట ఏదో నాకేం తెలుసు? మొదటి నెలలోనే మా సొంత తోటలో తప్పిపోయి పొరుగువాళ్ల పశువులపాకలో తేలాను. ఊరంతా చాన్నాళ్లు చెప్పుకుని నవ్వారు.

మా ఊరి భూగోళం చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. పడమట మహేంద్రగిరి, దానికి ఇవతల రైలుపట్టాలూ హైవే, తర్వాత ఇసుకనేలలో కొబ్బరి, జీడి, పనస తోటలు, ఆ పైన సముద్రం. చరిత్ర మాత్రం మా మావయ్యగారినే అడగాలి. ఆయన చరిత్రలో రాజులుండరు. ఏ పనస ఎవరి పెళ్లికి నాటారు, ఏ మామిడి కింద అన్నదమ్ములు పంపకాలు చేసుకున్నారు, ఏ జీడిచెట్టు కోసం రెండిళ్లవాళ్లు మాటలు మానేశారు, ఇవే ఉంటాయి. తోటల మధ్య మాకు కంచెలు లేవు. చెట్టే హద్దు.

నేనొచ్చిన కొన్నేళ్లకు ఒక తుపాను ఆ చెట్లన్నిటినీ పడగొట్టేసింది. అన్నేళ్లుగా హోరు వినడమే తప్ప కనిపించని సముద్రం ఆ రోజు మా గుమ్మంలోంచి కనిపించింది. నాకు ఏడుపొచ్చింది.

దుంగలు తీయించాక ఒకరోజు మావయ్యగారు తోటకెళ్లి పొద్దెక్కినా రాలేదు. వెతుక్కుంటూ వెళ్తే, మా నేల ఎంతవరకో తెలియక పొరుగువాళ్ల ఇసుకలో నిలబడి ఉన్నారు. నవ్వు నోటిదాకా వచ్చింది గానీ ఆయన మొహం చూసి మింగేశాను. ఆ తర్వాత ఆయన ఇల్లు కదల్లేదు. ఒకనాడు అన్నం ముందు కూర్చుని అన్నారు.

"అమ్మీద్దాం. పలాసలో అద్దిల్లు తీసుకుందాం. నానింకేటి సూడాల ఇక్కడ?"

తిట్టుకుంటూనే ఆ తోటకు ఎంత అలవాటు పడిపోయానో అప్పుడు తెలిసింది. "మీరెల్లండి, నాను రాను" అనేశాను. మావయ్యగారు వినిపించుకోలేదు.

వారం తిరక్కుండా పలాస నుంచి జీడిపప్పు వ్యాపారి ఒకాయన నేల చూడ్డానికొచ్చాడు. మంచి మనిషే. మనసొప్పక నేనూ వాళ్ల వెనకాలే వెళ్లాను.

"హద్దులెక్కడ మావా?" అన్నాడు.

మావయ్యగారు కాసేపు అటూ ఇటూ చూసి, ఖాళీ ఇసుక వైపు చెయ్యి చాచారు. "అదిగో, మేనత్త పనస. మా అత్త పెళ్లికి ఏసినారు. ఆయమ్మ పుట్టింటికొత్తే ముందు దాని కాడికే ఎల్లీది. అక్కడి నుంచి జంట కొబ్బర్లు, ఆ పక్కన..." చెప్పేకొద్దీ గొంతు పెరిగింది, నడక జోరందుకుంది. మొన్న తప్పిపోయిన మనిషి ఎక్కడా తడబడలేదు.

వ్యాపారి మర్యాదగానే అన్నాడు. "అయ్యన్నీ ఇప్పుడు లేవు కదా మావా."

మావయ్యగారు ఆగిపోయారు. "లేవేటి? నాను సెప్తన్నాను కదా!" అని కసిరి, ఊపిరి తీసుకుని, "నువ్వెల్లు బాబూ. మేం అమ్మం" అన్నారు.

ఇంటికొస్తూనే కండువా విసిరేసి మా ఆయన్ని పిలిచారు. "రేపెల్లి మొక్కలు తే. నాను మరిసిపోకముందే ఎయ్యాల."

మావయ్యగారు ఒక్కో చెట్టు ఉండిన చోట దాని పేరు చెప్పి నిలబడేవారు. మేం అక్కడే గొయ్యి తీసేవాళ్లం. పనస చోట పనస, కొబ్బరి చోట కొబ్బరి. పొరుగాయన మొదట గొణిగి, తర్వాత తన వైపు చెట్లు ఎక్కడుండేవో అడగడానికి తనే వచ్చాడు. తుపాను నాటి నుంచి అన్నం సయించని నాకు మళ్లీ ఆకలెయ్యడం మొదలైంది.

ఆఖరున మావయ్యగారు తోటలోని బావి పక్కన ఆగి ఇంకో కొబ్బరిమొక్క అడిగారు. అక్కడ చెట్టున్నట్టు నాకు గుర్తులేదు.

"ఇక్కడేటుండీది మావయ్యా?"

"ఏటీ లేదు" అన్నారు నా వైపు చూడకుండా. "ఇది టెక్కలి కోడలి కొబ్బరి. ముందుముందు ఈ దారినొచ్చీవోల్లకి ఏదో ఒక గుర్తుండాల కదా."

ఆ గొయ్యి నేనే తవ్వాను. చేతులనిండా ఇసుక, కళ్లు తుడుచుకోవడానికి కూడా వీల్లేకపోయింది.