ఆఖరి బంతికి అంపైర్ని నేనే

మొన్న పొద్దున్నే ఇక్కడే ఖతర్‌లో, దుఖాన్ కూలీల క్యాంపు నుంచి ఫోన్ వచ్చింది. "సార్, మన బౌలర్ కాక పోయిండు. డ్యూటీకి లేపితే లేవలే. గుండె ఆగిందంటున్నరు." అల్ మన్సూరాలో మా ఫ్లాటు మెట్ల మీదే కూలబడ్డాను. ఆయన్ని తలుచుకుంటే ఏడుపు కంటే ముందు నా మీద నాకే కోపం వస్తోంది. ఎందుకో చెబుతాను.

కాకది జగిత్యాల దగ్గర పల్లె. మస్కట్, బహ్రెయిన్, కువైట్, చివరికి ఖతర్: పదహారేళ్లలో నాలుగు దేశాలు. వీసా కూలి పనికే, కానీ ఇన్ని దేశాలు తిప్పింది ఆయన కుడిచెయ్యి. శుక్రవారం క్యాంపు మ్యాచుల్లో ఆయన బౌలింగ్ చూసి, మా కంపెనీకి రమ్మంటే మా కంపెనీకి రమ్మని పిలిచేవారు. పెద్ద జట్టులో ఒక్కసారి ఆడలేదు, పేపర్లో ఒక్క ఫొటో పడలేదు. "ఏ దేశం పోయినా మా ఇంటామెకు దుబాయే సార్. కువైట్ల కప్పు గెలిచిన్నంటే, దుబాయ్ల ఎండ తక్వయిందా అనడిగింది," అని పడీపడీ నవ్వేవాడు.

టెన్నిస్ బంతికి టేపు ఆయనే చుట్టాలి. ఇంకొకరు చుడితే విప్పేసి మళ్లీ మొదలుపెట్టేవాడు. "అంగి సక్కగ తొడిగితేనే బంతి మాటింటది."

ఖతర్ వచ్చేసరికి యాభైకి దగ్గర పడ్డాడు. ఒకరోజు సైటులో ఎండకు కళ్లు తిరిగి పడిపోయాడు. అప్పుడు మేనేజరు ఆయన్ని స్టోర్ డ్యూటీకి మార్చి నీడపట్టున కూర్చోబెట్టాడు. ఉత్తపుణ్యానికేం కాదు. జట్టు నడిపేది ఆ మేనేజరే. ఫైనల్ రోజు అందరి ముందూ అననే అన్నాడు: "కప్పు తెస్తే స్టోర్ నీదే కాకా. తేకపోతే స్టోర్ మాఫీ, లేనే లేదు. యల్లా, నడువ్ అని దుఖాన్‌ల ఎండల పైపుల పనికి పోవుడే."

నేను వేరే కంపెనీ ఇంజనీర్ని కాబట్టి నన్ను అంపైర్‌గా నిలబెట్టారు. ఆఖరి బంతి. ఎదుటి జట్టుకు రెండు పరుగులు కావాలి, చేతిలో ఒకే వికెట్. కాక పరిగెత్తుకొచ్చాడు. బంతి నేరుగా వెళ్లి వికెట్లు లేపేసింది. జనం కేకలేస్తూ మైదానంలోకి ఉరికారు.

నేను ఔటని వేలు ఎత్తలేదు. ఇసుకలో బూటు మడమతో గీసే గీత మా మ్యాచుల్లో గంటకే చెరిగిపోతుంది. కాలు దాటిందని అనుమానం వస్తే అంపైర్ బౌలర్నే అడగాలి, బౌలర్ చెప్పిందే ఖాయం. అది మేం పెట్టుకున్న ఆచారం. నాకు అనుమానం వచ్చింది. మింగేసి ఊరుకోవచ్చు కదా! స్టోర్ సంగతి నాకూ తెలుసు. నా పాడు నోరు ఊరుకుంటేగా.

"కాకా, కాలు దాటిందా?"

కేకలు ఆగిపోయాయి. కాక మేనేజర్ వైపు చూశాడు. తర్వాత తన కాళ్ల కింద ఇసుకను చూశాడు. 'లేదు' అను కాకా, అనేయ్ అని లోపల దేవుళ్లందరికీ మొక్కుకుంటున్నాను.

"దాటింది సార్."

నోబాల్‌కి ఒక పరుగు. మళ్లీ వేసిన బంతికి ఫోర్. వారం తిరక్కుండా కాకను దుఖాన్ పంపేశారు. ఆ ఎండే ప్రాణం తీసిందని నేను అనను, నేను డాక్టర్ని కాను. అనుకోకుండా మాత్రం ఉండలేకపోతున్నాను. నిజం చెప్పినందుకు ఆయనకు దండం పెడుతున్నాను, అడిగినందుకు నన్ను నేను తిట్టుకుంటున్నాను.

పోయిన నెల పని మీద దుఖాన్ వెళ్లి ఆయన్ని కలిశాను. "నేను అడగకుండా ఉండాల్సింది కాకా," అన్నాను. అదేం లేదు సార్ అని ఓదారుస్తాడనుకున్నాను.

"మీరడగకుంటే నేను చెప్పకపోతుంటి సార్," అన్నాడు. "నిమ్మలంగ స్టోర్ల కూసుంటుంటి." "అడిగినంక అబద్ధమాడితే మల్ల బంతి ఎట్ల వట్టాలె?" అన్నాడు.

నా నీళ్ల సీసా అడిగి తీసుకున్నాడు. తువ్వాలు తడిపి తలకు చుట్టుకుని, పైపుల వెంబడి ఎండలోకి నడిచిపోయాడు. ఆయన చిన్న చుక్కంత అయ్యేదాకా చూస్తూ కూర్చున్నాను. కారులో ఏసీ నడుస్తూనే ఉంది.